సుద్దగీత మీద అడుగు పడలేదు

అత్తయ్యగారికి వందనాలు. మోకాలు బాగానే ఉంది, కంగారుపడకండి. "బిడ్డతల్లివి, నర్సు ఉద్యోగానికెళ్లి కొండల్లో ఆ పరుగులేంటమ్మా?" అని ఫోన్లో కేకలేశారు కదా, అందుకే కార్డు రాస్తున్నాను. మధ్యలో ఆపలేరు.

మొన్న శుక్రవారం పొద్దున్నే తాయిఫ్ కొండల మీద పోటీ పెట్టారు. అడవి చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చే బాట, పన్నెండు కిలోమీటర్లు. దారి తప్పకుండా నేలంతా సుద్దపొడితో బాణాలు గీశారు. అవి నా కాళ్లకు ముగ్గుల్లా తోచాయి. ప్రతి బాణానికీ పక్కకు తప్పుకుంటుంటే, వెనకొస్తున్న మా వార్డు సుందరి, "ఒసేయ్, అది మీ అత్తగారి ముగ్గు కాదే, తొక్కి పరిగెత్తవే!" అని అరిచింది. చివర్లో, పందెం ముగిసే చోట, బాటకు అడ్డంగా లావుపాటి సుద్దగీత. నా పక్కనే ఒక సౌదీ అమ్మాయి, ఇద్దరికీ జానెడు తేడా లేదు. ఆమె గీత మీద కాలు వేయబోయింది. నేను గీత దాటి దూకాను. ఆ దూకుడుకే ఆడవాళ్లలో మూడోదాన్నయ్యాను!

జాయ్‌సీకి బడి బూట్లు బిగుతయ్యాయా? మా తమ్ముడు కొర్నేలు వచ్చే నెల ఇక్కడికొస్తున్నాడు, ఎండు రొయ్యల పొడి ఇచ్చి పంపండి. మావయ్యగారు బీపీ మాత్ర మానకుండా చూడండి.

కార్డు తిప్పి చూడండి, ఆ దూకిన ఫోటోనే అచ్చేసి ఇచ్చారు. రెండు కాళ్లూ గాల్లోనే ఉన్నాయి. పెళ్లయిన కొత్తలో మీ క్రిస్మస్ ముగ్గు తొక్కానని మూడు రోజులు నాతో మాట్లాడలేదు మీరు. ఇప్పుడు చెప్పండి, నాకు ముగ్గు దాటడం వచ్చినట్టేనా?

మీ కోడలు సుగుణ