నలభై ఎక్స్ జూమ్

9 నవంబర్, ఆదివారం

సోమక్క గొంతు పోయిందని ఈరోజు అందరి ముంగట అన్న. నేనే అన్న. పాడే మనిషి మొఖం మీదనే అన్న.

మా పాటల టీం రూంల టీవీకి కెమెరా తగిలించి నిన్న టౌన్‌హాల్ ప్రోగ్రాం చూపించిన. బొమ్మ మస్తు వచ్చింది. ఆఖరి కుర్చీల కాడ నిలబడి తీసినా సోమక్క ముక్కుపుడక మీద లైటు మెరుస్తాంది. అందరు చప్పట్లు కొట్టిన్రు. తర్వాత ఎవరో సౌండ్ పెంచిన్రు. డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా అక్క గొంతు లోపలికి పోతాంది. మళ్ల గరగరమనుకుంట బయటికొస్తాంది. పగిలిన రేకు లెక్క.

డప్పు కొట్టే పోశయ్య కాకే మా టీంకు పెద్ద. కెమెరాల ఏమన్న ఫాల్టున్నదారా రయీసూ అని అడిగిండు. అందరు నా దిక్కు చూసిన్రు. ఆ కెమెరా గురించి నేను ఇన్ని రోజులు కొట్టుకున్న డబ్బా అందరికి యాదికున్నది. కెమెరా అబద్ధం చెప్పదు కాకా, అక్క గొంతే పోయింది, వయసైతాంది కదా అన్న.

సోమక్క నవ్వింది. గట్లనే ఉన్నదేమో బిడ్డా, మొన్నటి దగ్గు ఇంక పోలే అన్నది. చాయ్ సగం తాగి గిలాస కింద పెట్టింది.

నాకు కోపం ఇంక దిగుతలేదు. ఎవరి మీదనో తెల్వదు.

10 నవంబర్, సోమవారం

నేను పాడ, డప్పు కొట్ట. వెల్డింగ్ షెడ్డుల పని చేస్త. టీం వాళ్ల మైకు స్టాండ్లు ఇరిగితే అతుకుత, వీడియోలు తీస్త. అంతే నా పాత్ర. ఫోన్‌తోని తీస్తే స్టేజీ లైట్లకు మొఖాలన్ని సున్నం కొట్టినట్టు వచ్చేటివి. అందుకే కెమెరా కొందామనుకున్న. ప్రోగ్రాంలకు పనికి రావాలె, పొద్దంత షెడ్డుల మేం చేసిన గేట్ల ఫొటోలకు పనికి రావాలె, ప్యాంటు జేబుల పట్టాలె, నా జీతానికి అందాలె.

టెన్త్ ఫెయిల్‌గాన్ని. అయినా అన్నం తినే టైంల వీడియోలు చూసి చూసి సెన్సర్ అంటే ఏంది, ఐఎస్ఓ అంటే ఏంది నేర్చుకున్న. ఇంజినీరింగ్ పోరలు వచ్చి నన్ను అడుగుతరు. చౌరస్తల సారంగపాణి సార్ సెకండ్ హ్యాండ్ దుకాణం చుట్టూ నెలంత తిరిగిన. నలభై ఎక్స్ జూమ్ ఉన్న కెమెరా దొరికింది. దాంతోని రోడ్డవతల మెడికల్ షాపు బోర్డు కింద ఫోన్ నంబర్ చదివితే దునియా గెలిచినట్టే అనిపించింది.

గసొంటి మనిషిని నేను. నా కెమెరల తప్పెట్ల ఉంటది?

11 నవంబర్, మంగళవారం

సోమక్కది మా పక్కిల్లే. ఇవ్వాల వాకిలి ఊడ్చింది. రోజు ఉండే పాట లేదు.

13 నవంబర్, గురువారం, పొద్దున 7

మా అమ్మి రోట్లె ఎండుమిరపకాయలు దంచుతాంది. నేను కెమెరా తుడుసుకుంట ఊకెనే ఆన్ చేసిన. అమ్మి చూసింది. ఊరందరికి గేట్లు చేస్తవు, మన బాత్రూంకు తలుపు లేదు, సిగ్గులేకుంట నన్ను తీస్తానవా, ఆ డబ్బా ఇటు తే, మిరపకాయలతోని దంచుత అని అందుకున్నది. రోకలి ఆగలే, తిట్లు ఆగలే. నవ్వుకుంట తీసిన.

తర్వాత పెట్టి విన్న.

రోకలి దెబ్బ పడ్డప్పుడల్లా అమ్మి గొంతు లోపలికి పోతాంది. మళ్ల గరగరమని బయటికొస్తాంది.

మా అమ్మి గొంతు పోయిందంటే మా కాశిబుగ్గల ఒక్కడు నమ్మడు. వీధి చివర కిరాణం దాంక వినపడ్తది. మళ్ల విన్న. రోకలి దెబ్బకు కెమెరా బెదిరి సౌండంతా దించేస్తాంది, వెంబడే అమ్మి గొంతు కూడ దిగుతాంది. డప్పు కాడ జరిగింది ఇదే.

పొద్దంత గ్రైండర్ పక్కన నిలబడే చెవులు నాయి. పక్కోడు పిలిస్తే రెండోసారి పిలవాలె. నేను పోయి సోమక్క గొంతుకు తీర్పు చెప్పిన.

14 నవంబర్, శుక్రవారం

నమాజు అయినంక సీదా సారంగపాణి సార్ మీదికి పోయిన. నన్ను మోసం చేసినవ్ అని లొల్లి పెట్టిన. ఆయన కళ్లద్దాలు తుడుసుకున్నడు. జూమ్ ఎంత, జూమ్ ఎంత అని నా పానం తీసినవు, ఒక్కసారన్న సౌండ్ ఎట్లుంటది అని అడిగినవా తమ్మీ, అటు బోర్డు చదివినవు, ఇటు చెవుల పెట్టుకొని విన్నవా అన్నడు. వినలే. పాటల కోసమని కెమెరా కొన్న. కండ్లతోని కొన్న.

మార్చి ఇస్త అన్నడు. పాతది ఒకటున్నదట, జూమ్ తక్కువ. కాని మైకు పిన్ను పెట్టే రంధ్రం ఉంటదట, సౌండ్ మన చేతితోని పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చట. జూమ్ లేకుంటే ఏమైతది, కాళ్లున్నయి కదా, ముంగటికి నడువు అన్నడు.

ముంగటికే కదా పోలేకపోతాన.

16 నవంబర్, ఆదివారం

సోమక్క దవాఖానకు పోయొచ్చింది. అమ్మి చెప్పింది. డాక్టర్ గొంతుల లైటు ఏసి చూసి, ఏం లేదమ్మా, దగ్గు తగ్గింది, మంచిగ పాడుకో అన్నడట. అయినా అక్క నమ్ముతలేదట. డాక్టర్ చూసిండు, రయీసు కెమెరా విన్నది, చూసినోని మాట నమ్మాల్నా విన్నదాని మాట నమ్మాల్నా అన్నదట.

ఈ ఆదివారం గడిస్తే వచ్చే ఆదివారం ములుగుల పెద్ద ప్రోగ్రాం. మొదటి పాట అక్కనే పాడాలె. శ్రీలతతోని పాడియ్యిమని అక్కనే పోశయ్య కాకకు చెప్పిందట. శ్రీలత మొన్న మొన్న టీంల చేరిన పిల్ల. ఆమె కోసం అక్క తాను పాడేటప్పుడు కట్టుకునే గజ్జెలు చింతపండు పెట్టి తోమి ఎండకు ఆరేసింది. గోడ మీదికెల్లి కనపడ్తానయి. అమ్మి నన్ను చూసి, నువ్వేమన్న అన్నవారా ఆమెను అని అడిగింది.

లేదన్న.

17 నవంబర్, సోమవారం

పోశయ్య కాకకు ఫోన్ చేసిన. కెమెరల చిన్న ప్రాబ్లం ఉన్నట్టున్నది కాకా, అక్కకు జర నువ్వే చెప్పు అన్న. చిన్న ప్రాబ్లం! గా ముక్క నా నోట్లెకెల్లి ఎట్ల వచ్చిందో.

కాక, నువ్వు అన్నది అందరి ముంగట, ఇప్పుడు నా చెవుల ఊదుతవా, బేస్తారం, ఇరవై తారీకు నాడు అందరం రూంల కూసుంటం, వచ్చి నీ నోటితోనే చెప్పుకో, నేను నీ పోస్ట్‌మ్యాన్‌ను కాదు అని కట్ చేసిండు.

నిజమే కదా. అందుకే కోపమొచ్చింది. ఇవ్వాల గేటు వెల్డింగ్ రెండుసార్లు తప్పిన, షెడ్డు సేటు తిట్టిండు.

18 నవంబర్, మంగళవారం

నల్లా కాడ అక్క ఎదురైంది. తిన్నవా బిడ్డా అని అడిగింది. తిన్న అన్న. ఇంకేం చెప్పలే.

20 నవంబర్, గురువారం

చెప్పిన.

రూంల అందరున్నరు. అమ్మి వీడియో టీవీకి పెట్టిన. అమ్మి తిట్లకు మొదట అందరు పొట్ట పట్టుకొని నవ్విన్రు. మళ్ల ఒక్కొక్కరు ఆగిన్రు. రోకలి, గొంతు, రోకలి, గొంతు. పోశయ్య కాక తల ఊపిండు. నేను సోమక్క దిక్కు తిరిగి, నీ గొంతుకు ఏం కాలే అక్కా, కెమెరది తప్పు అన్న. మళ్ల అన్న, కెమెరది కాదు, నాది. నా కెమెరకు పేరు పోతదని నీ పేరు తీసిన. నా గొంతు పోయింది ఆ మాట కాడ.

మాఫ్ చేస్తదనుకున్న. నెత్తి మీద చెయ్యి పెడ్తదనుకున్న. ఎంత తెలివి నాది.

అక్క ఏడ్వలే, నవ్వలే. ఆనాడు కెమెరా అబద్ధం చెప్పదంటివి, ఇయ్యాల చెప్తదంటానవు, రెండుసార్లు గంతే గట్టిగ చెప్పినవు, ఇన్ని రోజులు నేను నోరు మూసుకొని వాకిలి ఊడ్చిన, గా రోజులు ఎవరిస్తరు నాకు అన్నది. చెప్పులేసుకొని పోయింది.

21 నవంబర్, శుక్రవారం, సాయంత్రం 5:40

సోమక్క మా షెడ్డుకే వచ్చింది. సేటు గ్రైండర్ బంద్ చేపిచ్చిండు. అందరు వినేటట్టు చెప్పింది. రేపు పొద్దున సారంగపాణి దుకాణం ముంగట, రోడ్డు మీద, పోశయ్య కాక డప్పు కొడ్తడు. ముందు పాడాల్సింది ఆమె కాదు, నేను. గొంతు విప్పి, మొత్తం పాట. కెమెరా ఆమె పట్టుకుంటది. నా గొంతు ఎట్లున్నదో చౌరస్తల అందరి ముంగట ఆమె చెప్తది. ఆ తర్వాత ఆమె పాడ్తది, ఏ కెమెరా తీసుకోవాల్నో చెవులతోని చూస్తం, ములుగు సంగతి అప్పుడు మాట్లాడుకుంటం అన్నది.

నాకు ఒక్క పాట కూడ మొత్తం రాదు.

పాడ్తవా పాడవా, ఇయ్యాల ఆరింటికల్ల నా వాకిట్లకొచ్చి చెప్పు, ఆరు దాటితే గజ్జెలు శ్రీలతకు పోతయి అన్నది.