రెండు సరేలు

చిరంజీవి పిచ్చుకకి,

అమ్మమ్మ కళ్లజోడు తుడుచుకుని, దీవించి రాయునది. నేను బాగానే ఉన్నాను, మోకాళ్లు తప్ప.

విమానాల టవర్లో నిన్ను మైకు ముందు నుంచి లేపేశారని, విచారణ అయ్యేదాకా పక్కన కూర్చోబెట్టారని మీ మామయ్య చెప్పాడు. అప్పట్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఏం చేశావే? పైలట్లని తిట్టావా? ఆ నోటి దురుసు నా వైపు నుంచే వచ్చింది, మీ పెద్దాఫీసరుకి ఆ ముక్క నేను రాయనా?

ఆ ఒంటిగదిలో తింటున్నావో, పడుకుంటున్నావో. రమ్మంటే రెండు చీరలు సంచిలో పెట్టుకుని వచ్చేస్తాను. అడిగినప్పుడల్లా "తర్వాత చూద్దాంలే" అంటావు. ఆ తర్వాత వచ్చేసరికి నేనుండొద్దూ?

ఇట్లు, బెంగతో
అమ్మమ్మ

తా.క.: ఫోను చేయకు. నీ గొంతు వింటే ఏడుపొచ్చి, అడగాల్సింది మరిచిపోతాను.

*

అమ్మమ్మకి,

నీ పిచ్చుక నమస్కారాలు. ఎవర్నీ తిట్టలేదు. తిట్టే ఓపిక కూడా లేదు. పెద్దాఫీసరుకి ఏమీ రాయకు, నీకు దణ్ణం పెడతాను.

జరిగింది ఇది. పైలట్లందరూ మాతో ఒకే లైనులో మాట్లాడతారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కీచుమని గోల తప్ప ఏమీ వినబడదు. అందుకని నేను చెప్పిన మాటను పైలట్ తన విమానం పేరుతో సహా నాకు తిరిగి అప్పజెప్పాలి. అది మా పద్ధతి. ఆ రోజు ఒక విమానాన్ని దిగమన్నాను. కీచుమన్న గోల వెనకే ఎవరిదో "సరే" ఒక్కటి వినబడింది. అలసటలో అది చాలనుకున్నాను. ఆ సరే వేరే పైలట్‌ది! దిగమన్నది తననే అనుకున్నాడు. ఇద్దరూ ఒకే రన్‌వే మీదికి వస్తుంటే చూసి, అతన్ని మళ్లీ పైకి లేపాను. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ "ఊరూ పేరూ లేని సరేని ఎలా ఒప్పుకున్నావు?" అని అడుగుతున్నారు. ఏం చెప్పను?

నువ్వు రావద్దు. గది చిన్నది, నా వేళలు నా చేతిలో లేవు.

ఇట్లు
పిచ్చుక

*

చిరంజీవి పిచ్చుకకి,

నిద్రపట్టని అమ్మమ్మ దీవెనలు. నీ పద్ధతి నాకు నచ్చింది. ఇంట్లో అమల్లో పెట్టేశాను.

ఫ్యాను తగ్గించరా అంటే మీ మామయ్య "సరే" అన్నాడు. ఎవరి సరే అని గద్దించాను. "ఇంట్లో ఉన్నది మనమే కదమ్మా" అన్నాడు. రన్‌వే మీదా ఇద్దరే కదరా అన్నాను. మీ అత్త నాతో మాట్లాడటం మానేసింది. అప్పజెప్పే బాధ తప్పుతుందని కాబోలు. డాక్టరుగారిని మాత్రల సంగతి తిరిగి అప్పజెప్పమంటే, "మామ్మగారూ, అప్పజెప్పాల్సింది నేను కాదు, మీరు" అన్నాడు. అవునా? చెప్పినవాళ్లు కాదా, విన్నవాళ్లా? ఆ సంగతి ముందే రాయొద్దూ!

సరే గానీ, వేళకి తిను. ముసుగుతన్ని పడుకో. కోడిపెట్టల్ని పక్కింటి దర్జీకి అప్పగించి నీ దగ్గరికి వచ్చేయనా?

ఇట్లు
అమ్మమ్మ

తా.క.: పెద్దాఫీసరుకి కార్డు రాసేశాను. రాయొద్దంటూ నువ్వు రాసిన ఉత్తరం, నేను కార్డు డబ్బాలో వేసొచ్చాక అందింది.

*

అమ్మమ్మా,

విచారణ నుంచి ఇప్పుడే వచ్చాను. నీ కార్డు అందరి ముందూ చదివారు. "పిల్లకి నిద్ర లేదు, మీకు మనవరాళ్లు లేరా" అన్నచోట పెద్దాఫీసరు దగ్గాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కళ్లు మూతలు పడుతున్నాయి. నీ ఉత్తరానికి జవాబు: సరే.

పిచ్చుక

*

చిరంజీవి పిచ్చుకకి,

నీ సరే అందింది! కోడిపెట్టలు దర్జీ ఇంటికి చేరాయి. సోమవారం బస్సుకి మీ మామయ్య టికెట్టు తీశాడు. విమానంలో వెళ్లమ్మా అన్నాడు గానీ, నాకు మీ పైలట్ల మీద గురి లేదు.

ఇట్లు, మూటాముల్లే సర్దుకున్న
అమ్మమ్మ

తా.క.: మీ అత్త మళ్లీ మాట్లాడుతోంది. టికెట్టు చూడగానే.

*

అమ్మమ్మా, ఆగు!

ఆ సరే దానికి కాదు! వేళకి తినమన్నావే, దానికి. గది చిన్నది, రెండో మంచం పట్టదు. దయచేసి బయల్దేరకు.

కుర్చీ తిరిగి ఇచ్చారు. సోమవారం నుంచి మళ్లీ మైకు ముందు నేనే. భయంగానే ఉంది. ఇంటికొస్తే గోడలతో చెప్పుకుంటున్నాను, అవి కూడా అప్పజెప్పవు.

పిచ్చుక

తా.క.: ఇది అందగానే "బయల్దేరడం లేదు" అని తిరిగి అప్పజెప్పు.

*

చిరంజీవి పిచ్చుకకి,

నీ ఉత్తరం గడప దాటుతుండగా అందింది. పద్ధతి ప్రకారం అప్పజెబుతున్నాను. కుర్చీ ఇచ్చారు: విన్నాను. భయంగా ఉంది: విన్నాను. గోడలతో మాట్లాడుతున్నావు: బాగా విన్నాను. "బయల్దేరకు" అన్నచోట మాత్రం కీచుమని గోల, ఒక్క ముక్క వినబడలేదు.

ఇది నీ బల్ల దగ్గరే కూర్చుని రాస్తున్నాను. మీ ఇల్లుగలావిడ తాళం తీసింది. నువ్వు డ్యూటీ నుంచి ఈసురోమని వస్తావు, నేను అప్పటికే పడుకుని ఉంటాను. అన్నం గిన్నె మీద మూత పెట్టాను. మంచం నీదే. నేను చాప తెచ్చుకున్నాను.

ఇట్లు, నీ కాళ్ల దగ్గర నిద్రపోతున్న
అమ్మమ్మ

తా.క.: ఆ సరే దేనికో నాకు అప్పుడే తెలుసు. పాపం, ఆ పైలట్ తెలియక దిగబోయాడు. నేను తెలిసే దిగాను. ఇక నన్ను మళ్లీ పైకి లేపకు, మోకాళ్లు ఒప్పుకోవు.