బోర్లించిన కాగితం

పూజ్యులైన అత్తయ్యగారికి మీ ఏకైక అల్లుడు రెండు చేతులూ జోడించి రాస్తున్న విన్నపం. ఇక్కడ అందరమూ క్షేమం. అందరమూ అంటే మీ అమ్మాయి, నేను, ఆవిడ నాలుగు ఫోన్లు. వాటిలో మూడు దివ్యంగా మోగుతున్నాయి. అక్కడ మీరూ, మీ మోకాలూ క్షేమమని తలుస్తాను.

“ఫోన్లో అడిగితే జోకులేసి జారుకుంటావు, కాగితం మీద రాసి పంపు” అని ఆజ్ఞాపించారు కాబట్టి వరసగా జవాబులు చెప్పుకుంటాను.

మొదటిది, మీ అమ్మాయి వేళకు తింటోందా? తింటోంది. కాకపోతే కౌన్సిల్ మెంబరుగా గెలిచాక ఆ వేళ ఆవిడ చేతుల్లో లేదు. పొద్దున నిలబడి, మధ్యాహ్నం కారులో, రాత్రి ఎవరికో ఫోన్లో “చూద్దాం, చేద్దాం” అంటూ తింటోంది. రెండోది, గొంతు ఎందుకు బొంగురుపోయింది? రోజుకు ఐదు మీటింగులు, మూడింట్లో మైకు పనిచేయదు. జలుబు కాదు, కంగారు పడకండి.

మూడో ప్రశ్నకు ముందు కాసిని మంచినీళ్ళు తాగి వచ్చాను. “రెండు వారాలుగా నీ కాలమ్ నిండా దోమలే. ఊళ్ళో ఇంకేం జరగడం లేదా, నీ సరుకు అయిపోయిందా?” అన్నారు. ముప్పై ఏళ్ళు బడి నడిపిన మనిషికి ఎవడు పలక దాస్తున్నాడో ఇట్టే తెలిసిపోతుందని నేను ముందే అనుకోవాల్సింది.

దీనికి కాస్త వెనక్కి వెళ్ళాలి. నేను పేపర్లో చేరింది సంతాప ప్రకటనలు దిద్దడానికని మీకు తెలుసు. చనిపోయినవాళ్ళ గురించి రెండేళ్ళు అందంగా రాశాక, బతికున్నవాళ్ళ మీద కూడా ప్రయత్నించమని ఎడిటర్ వారానికొక మూల ఇచ్చాడు. మొదటి నెలలోనే ఒక కొత్త అభ్యర్థి ప్రసంగాన్ని ఎగతాళి చేశాను. ఆ అభ్యర్థి మర్నాడు పేపరు చుట్టి పట్టుకుని ఆఫీసుకొచ్చి, “చదివి నవ్వాను. అయినా క్షమించను” అంది. తర్వాతి సంగతి మీకు తెలిసిందే, పెళ్ళికి పెద్ద మీరే.

రోలుకు ఒకవైపే దెబ్బలు, మద్దెలకు రెండువైపులా అంటారే, అప్పటినుంచీ నేను ఆ రెండోదాన్ని. ఆవిడను మెచ్చుకుంటే “పెళ్ళాం చెప్పింది రాశాడు” అంటారు. విమర్శిస్తే “మొగుడూ పెళ్ళాలు కూడబలుక్కుని నాటకమాడుతున్నారు” అంటారు. అందుకే పెళ్ళైన వారంలోనే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. మా భోజనాల బల్ల మీద వెల్లకిలా పెట్టిన కాగితం ఎవరైనా చదవచ్చు. బోర్లించిన కాగితం ముట్టుకోకూడదు. ఆవిడ ఫైళ్ళకూ అంతే, నా చిత్తుప్రతులకూ అంతే. మూడేళ్ళలో ఇద్దరం ఒక్కసారీ తప్పలేదు.

పదహారు రోజుల క్రితం నేను తప్పాను. ఫ్యాన్ గాలికి తిరగబడిందని రాద్దామనుకున్నాను గానీ ఫ్యాన్ ఆగి ఉంది. టీ గ్లాసుకు చోటు చేస్తుంటే వెనకనుంచి ఆఫీసు సీలు నీడలా కనిపించింది. చేత్తోనే తిప్పాను.

అది బస్టాండు వెనక సందులో రేకుల షెడ్లు తీసేయడానికి తయారుచేసిన జాబితా. నలభై రెండు పేర్లు. తీసేసే ముందురోజు సాయంత్రం దాకా ఎవరికీ నోటీసు ఇవ్వకూడదని కింద రాసి ఉంది. దాని కింద ముగ్గురు కౌన్సిల్ కమిటీ సభ్యుల సంతకాలు. మూడోది మీరు పలక మీద దిద్దించిన గుండ్రటి రాత.

పదిహేడో పేరు టేపు బాబాయిది. మెడలో కొలతల టేపు లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు. నా పెళ్ళి కోటు కుట్టి, “ఏడాదికల్లా నీకు బిగుతవుతుంది బాబూ, అందుకే లోపల గుడ్డ వదిలాను” అన్న దర్జీ ఆయనే. మర్నాడు చొక్కా కుట్టించుకోవడానికి వెళ్తే మెడ కొలుస్తూ అడిగాడు.

“బాబూ, మీ ఆవిడ కమిటీలో ఉందిగా. ఈ సందు జోలికి ఎవరూ రారుగా?”

“ఎందుకు బాబాయ్?”

“రేకులు కారుతున్నాయి. మొత్తం పీకించి కొత్త కప్పు వేయిద్దామని. వేయించమంటావా?”

టేపు నా మెడ చుట్టూ ఉంది. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. నేను చెప్పింది మాత్రం, “వేయించెయ్ బాబాయ్, లేకపోతే నా చొక్కా కుట్టకముందే ఉతికినట్టవుతుంది.” ఆయన పకపకా నవ్వాడు. నాలుగో రోజుకల్లా కొత్త కప్పు వేయించాడు. నేను దోమల మీద రాశాను. తర్వాతి వారం మళ్ళీ దోమల మీద రాశాను. రెండోదానికి పాఠకుల మెచ్చుకోళ్ళు కూడా వచ్చాయి, సిగ్గుచేటు.

మొన్న ఆదివారం మీ అమ్మాయికి చెప్పేశాను, కాగితం తిప్పానని. అరుస్తుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఎన్నాళ్ళయింది?”

“పద్నాలుగు రోజులు.”

“అంటే పద్నాలుగు రోజులు నా ఎదురుగా కూర్చుని దోమల గురించి మాట్లాడావు.”

“నువ్వూ ఎదురుగా కూర్చుని విన్నావు.”

“సంతకం పెట్టకపోతే కమిటీలోంచి తీసేసేవాళ్ళు. లోపల ఉన్నాను కాబట్టే మార్కెట్ పక్క స్థలం ఆ షెడ్ల వాళ్ళకు రాయించమని వెంటపడుతున్నాను. ఇంకో నెల ఆగు. ఇప్పుడు బయటికి పొక్కితే ఆ స్థలమూ పోతుంది, నేనూ పోతాను.”

“షెడ్లు ఎప్పుడు తీస్తారు?”

మోగుతున్న ఫోన్ను బల్ల మీద బోర్లించింది.

“ఎప్పుడు?”

“వచ్చే సోమవారం.”

“మరి నెల ఆగమంటున్నావు?”

ఆవిడ దగ్గర జవాబు లేదు. నా దగ్గర జోకు లేదు. మా ఇంట్లో ఈ రెండు సరుకులూ ఒకేసారి నిండుకోవడం అదే మొదలు.

ఇక ఇంతసేపూ దాచిన మాట. అత్తయ్యగారూ, ఇవాళ ఆ కాలమ్ రాశాను. జాబితా ఉందని రాశాను. సంతకాల్లో ఒకటి నా భార్యదని రాశాను. ఇంట్లో బోర్లించిన కాగితం దొంగచాటుగా తిప్పి చదివానని, పదహారు రోజులు నోరుమూసుకున్నానని, ఒక దర్జీని కొత్త కప్పు వేయించుకోమన్నది నేనేనని రాశాను. నవ్వొచ్చే వాక్యం ఒక్కటీ లేదు. ఎడిటర్‌కు ఫోన్ చేస్తే, “అది వేస్తే రేపట్నుంచి నువ్వెక్కడ పడుకుంటావు?” అన్నాడు. “సంతాప ప్రకటనల బల్ల ఖాళీయేగా” అన్నాను. ఆయన నవ్వలేదు. ఐదింటిలోపు పంపమన్నాడు.

నాలుగున్నరకు, రెండు మీటింగుల మధ్య, మీ అమ్మాయి ఇంటికొచ్చింది. అచ్చుకాకముందు నా కాలమ్ ఆవిడకు ఏనాడూ చూపించలేదు. ఇవాళ చేతికిచ్చాను. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చదివింది. కింద కారు హారన్ కొడుతోంది. మళ్ళీ మొదటినుంచి చదివింది. నా జేబులోంచి పెన్ను తీసుకుంది. మొత్తం కొట్టేస్తుందనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కొట్టేస్తే బాగుండుననీ అనుకున్నాను.

ఒక్కచోట దిద్దింది.

“నలభై రెండు కాదు, యాభై ఒకటి. వెనక పిన్ను కొట్టిన రెండో పేజీ నువ్వు చూడలేదు” అంది. “నా పరువు తీసేటప్పుడైనా పూర్తిగా చదవాలిగా.”

పెన్ను జేబులో పెట్టేసి మెట్లు దిగిపోయింది. కోపమో ఏడుపో తెలియలేదు. మీ అమ్మాయి వీపు చూసి ఏమీ పోల్చుకోలేం, మీకు తెలుసుగా. నేను యాభై ఒకటని మార్చి నాలుగూ యాభై ఎనిమిదికి పంపేశాను.

రేపు పేపరుతో పాటే ఈ ఉత్తరమూ మీకు చేరాలని సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. తెల్లారగానే నేను సందులోకి వెళ్ళాలి. టేపు బాబాయి ఈ సంగతి అచ్చులో చదివి తెలుసుకోకూడదు. ఏం చెప్పాలో ఇంకా తోచలేదు.

మీకొక్క మనవి. రేపు ఆవిడ మీకు ఫోన్ చేస్తుంది. అప్పటికి కమిటీ పోయి ఉండొచ్చు, పార్టీ కూడా పోయి ఉండొచ్చు. నన్ను వెనకేసుకు రావద్దు. “అల్లుడు చేసింది న్యాయమే” అని పొరపాటున కూడా అనకండి. బడిలో వాడిన తిట్లన్నీ దులిపి బయటికి తీయండి. నన్ను మెచ్చుకోవడానికి రేపు ఊళ్ళో బోలెడుమంది ఉంటారు. ఆవిడ పక్కన నిలబడేది మీరొక్కరే. నేనుండాల్సిన చోటు అది. ఈ ఒక్కసారికి మీకు అప్పగిస్తున్నాను.

ఇట్లు,
పేపరు మీ గుమ్మంలో పడేదాకా ఖాయంగా, ఆ తర్వాత మీ దయవల్ల,
మీ అల్లుడు