పాతరేవు అని చెప్పకు మావా

నరసింగరావుపేట,
ఫిబ్రవరి 2019.

ఎల్లాజీ మావకు యమున రాస్తున్నది.

ఇక్కడ నేనూ హేమా కులాసా. ఆ పరాయి దేశం జైల్లో నువ్వు తిన్నావో లేదో, చలికి కప్పుకోవడానికి ఏమైనా ఇచ్చారో లేదో అని రోజూ అనుకుంటూనే ఉంటాం. కాని ఇప్పుడు అంతకంటే పెద్ద బెంగ వచ్చిపడింది. అందుకని ఈ ఉత్తరం ఒక్కసారి చదివి మడిచి పెట్టెయ్యకు. బట్టీ పట్టు.

నీ ఉత్తరం అందింది. రాత నీదేనని హేమ ముందు గుర్తుపట్టింది. గాలికి బోటు కొట్టుకుపోయిందనీ, నీళ్ళ మీద సరిహద్దు గీత ఎక్కడుంటుందో మీకెవరికీ తెలియలేదనీ రాశావు. వినాయక చవితి వెళ్ళాక మీరు పట్టుబడ్డారని మీరు వేటకెళ్ళిన గుజరాత్ రేవు వీరావల్ నుంచి కబురొచ్చినప్పుడు నేనూ అదే అన్నాను. ఎవరు వింటారు?

మన ఎంబసీ వాళ్ళు వచ్చి, నువ్వు మన దేశం మనిషివేనని తేల్చుకోవడానికి ఊరు, ఇల్లు, తల్లి అన్నీ అడిగారని రాశావు కదా. ఆ జవాబులు తిరిగి తిరిగి మన మండలం ఆఫీసుకు చేరాయి. మొన్న వీఆర్వో ధనరాజు గారు అవి పట్టుకుని వచ్చి రేవులో నిలబడ్డారు.

"ఏటమ్మా, మీ ఆయన ఊరు పాతరేవని సెప్పాడట. ఆ పేరుతో మన మండలంలో ఊరే లేదు గదా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపు చేపలు ఆరబెడుతున్న బుల్లమ్మ అందుకుంది.

"ఎందుకు లేదు బాబూ? అదుగో, ఆ కెరటం ఇరుగుతన్న కాడే ఉన్నాది. మా అత్త కాపరం ఆడే సేసింది."

"సముద్రంలో ఉన్న ఊరిని నేనేటని రాయను మామ్మా?"

"మునిగిపోతే మాత్రం? మా ఊరు మా ఊరు కాకండా పోతాదేటి?"

ముందు నవ్వొచ్చింది మావా. ధనరాజు గారు తరవాత చెప్పింది విన్నాక ఆ నవ్వు నిలవలేదు. నీతో పట్టుబడినవాళ్ళంతా వేరే పల్లెలవాళ్ళు, వాళ్ళ ఊళ్ళన్నీ సరిపోయాయట. నీ ఒక్కడిదే ఆగిపోయింది. ఇంకొక్కసారి అడుగుతారట. అప్పుడు కూడా కలవకపోతే నీ పేరు పక్కన పెట్టేస్తారు, మళ్ళీ ఎప్పుడు చూస్తారో చెప్పలేనన్నారు ధనరాజు గారు.

నీ మీద ఎంత కోపమొచ్చిందో! ఓటరు కార్డు మీద ఊరి పేరు ఏముందో ఇన్నేళ్ళలో ఒక్కసారి చూశావా? చూసి ఉండవు. నేను మాత్రం చూశానా? మన పల్లెలో పసిపిల్లని అడిగినా పాతరేవనే చెబుతుంది. పడవ తోసి ఆ మునిగిన ఊరి మీదుగా పోతూ పసుపు నీళ్ళు చల్లి, "పాతరేవోళ్ళం తల్లీ, సల్లగా సూడు" అని మొక్కుతారు కదా మీరు. ఇంకో పేరు చెబితే గంగమ్మ మనల్ని పోల్చుకోదని పెద్దవాళ్ళ భయం. ఆ అలవాటే అక్కడా నీ నోట వచ్చింది, తెలుసు. ఈ ఒక్కసారికి గంగమ్మకి నేను చెప్పుకుంటాను.

అనూరాధ టీచరు దగ్గర కూర్చుని అన్నీ అడిగి రాస్తున్నాను. మన ఊరు నరసింగరావుపేట. బస్సు కండక్టరు తప్ప ఎవరూ పలకని పేరే, అయినా అదే చెప్పు. తాతల కాలంలో సముద్రం ముందుకొచ్చి పాతరేవుని మింగేస్తే, గంగమ్మ రాయిని నెత్తిన పెట్టుకుని జనం మెరకకి వచ్చేశారు. సరుగుడు తోటలో జాగా ఇచ్చిన ఆసామి నరసింగరావు గారు. ఆయన పేరే కాగితాలకి ఎక్కింది. జిల్లా శ్రీకాకుళం. తూర్పున సముద్రం. పడమట జీడితోటలు, వరిపొలాలు దాటితే హైవే, దాని మీద నరసన్నపేట. దక్షిణాన వంశధార. ఉత్తరాన మన గెడ్డ. వానాకాలం గెడ్డ పొంగితే బడికి సెలవని కూడా చెప్పు, అలాంటివి ఇక్కడ పుట్టినవాళ్ళకే తెలుస్తాయి అంది టీచరు.

జనాభా ఎంతని అడిగితే "వేట కాలంలో ఆడాళ్ళూ ముసలోళ్ళూ, మిగతా కాలంలో అందరూ" అన్నావట. అలా అనకు మావా, రెండువేలకి కాస్త తక్కువ అను. క్రితంసారి జనాభా లెక్కలకి వచ్చినాయన, మగవాళ్ళు ఊళ్ళో లేరుగా, ఎలా రాయను అంటే అత్త ఆయన్ని గుమ్మంలోంచి కదలనిచ్చిందా? "ఆడి కంచం ఇక్కడున్నాది, రాసుకో" అని రాయించి పంపింది.

హేమ బడి గురించి అడిగావు. బాగానే వెళ్తోంది. ఎక్కాలు నేర్చుకుని అందర్నీ చంపుకు తింటోంది. ఇంటికి కొత్త తాటాకు కప్పించావా అని అడిగావు. దానికి జవాబు రాయడానికే చెయ్యి రావడం లేదు. ఇల్లు లేదు మావా. నువ్వు పట్టుబడిన కొన్నాళ్ళకి తిత్లీ తుపాను వచ్చింది. ఒడ్డు వరస మొత్తం కోసుకుపోయింది. ఇప్పుడు మేం బడి వెనక రేకుల షెడ్లలో ఉంటున్నాం. ఇల్లెక్కడంటే ఒడ్డున అనకు, బడి వెనక అను. ఇల్లు మళ్ళీ కట్టుకుందాం. దానికి బాధపడకు.

నీ ఉత్తరంలో మొట్టమొదట అడిగింది అమ్మ గురించి. నేను దాన్ని చివరిదాకా తోసుకొచ్చాను.

తుపానుకి షెడ్డులో తడినేల మీద పడుకుని అత్తకి రొమ్ము పట్టేసింది. నరసన్నపేట ఆస్పత్రికి తీసుకెళ్ళాం. కార్తీక మాసం వెళ్ళకుండానే పోయింది. నీ బదులు మీ చిన్నాన్న కొడుకు అప్పలసూరి కొరివి పెట్టాడు. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "ఆడికి సెప్పకే. అక్కడ ఒక్కడే ఉన్నాడు. పట్టుకుని ఏడ్డానికి మనిషుండాల గదా. ఇంటికొచ్చినాక సెప్పు" అంది. సరేనన్నాను. నువ్వు గుమ్మంలోకి వచ్చేదాకా దాచే ఉంచేదాన్ని.

కాని నువ్వు ఎంబసీ వాళ్ళకి తల్లి కూర్మమ్మ, నా దగ్గరే ఉంటోంది అని చెప్పావు. ధనరాజు గారు ఇక్కడ విచారించి, తల్లి లేదు అని రాసుకున్నారు. ఉన్నట్టే రాయండి బాబూ అని బతిమాలాను. ఆయన తలొంచుకుని, అబద్ధం రాస్తే మొత్తానికే మోసం వస్తుందమ్మా అన్నారు. అందుకే అత్తకిచ్చిన మాట తప్పుతున్నాను.

ఈ ఉత్తరం చదివిన రోజే ఏడ్చెయ్యి మావా. పక్కన ఎవరుంటే వాళ్ళని పట్టుకుని ఏడువు, సిగ్గుపడకు. వాళ్ళు మళ్ళీ వచ్చి తల్లి ఉందా అని అడిగినప్పుడు మాత్రం తడబడకు. లేదని చెప్పు. అలా చెబితేనే నిన్ను ఇంటికి పంపుతారు.

ఇట్లు,
కూర్మమ్మ కోడలు,
నీ యమున.