పండగ దాకా తిండి మాట ఎత్తను

మార్చి 9, సోమవారం

ఈ రోజు పిల్లల ఉసురు పోసుకున్నాను.

మధ్యాహ్నం క్లాసు. డిగ్రీ ఫస్టియర్ అమ్మాయిలు. పాఠం: కణంలోని జీవాణువులు. ప్రొటీన్ గొలుసు ఏ ఆకారంలో ముడుచుకుంటే దానికి తగ్గ పని చేస్తుందని చెప్పడానికి జంతికలు అన్నాను. అక్కడితో ఆగొచ్చుగా! వాము వేసి, కరకరలాడేలా వేయించేదాకా వెళ్లాను.

నిఖత్ లేచింది. "మేడమ్, సగం మందిమి రోజాలో ఉన్నాం. ఇఫ్తార్‌కి ఇంకా నాలుగ్గంటలుంది. మీరేంది, పాఠం చెబుతున్నారా, పొయ్యి వెలిగిస్తున్నారా?"

సిగ్గుతో చచ్చాను. అక్కడికక్కడే ఒట్టేశాను. రంజాన్ పండగ దాకా క్లాసులో తిండి మాట ఎత్తను! పోలికలకి పూసలు, గాజులు, ఇటుకలు చాలవూ?

పైగా గురువారం ప్రిన్సిపాల్ కృపాదానం గారు నా క్లాసులో కూర్చుంటారు. నేను గెస్ట్ లెక్చరర్‌ని. ఆయనకు నచ్చితే వచ్చే ఏడాదీ నరసరావుపేటలో ఉద్యోగం. నచ్చకపోతే పెట్టె సర్దుకుని మా ఊరు వెల్దుర్తికి బస్సెక్కడమే.

మార్చి 10, మంగళవారం

అద్భుతం! నేను పుట్టుకతోనే టీచర్ని!

ప్రొటీన్ = ఇరవై రకాల పూసల్లోంచి ఏరి గుచ్చిన దండ. డీఎన్ఏ = మెలిపెట్టిన తాళ్ల నిచ్చెన. రషీదా చున్నీ మెలితిప్పి చూపించింది. "ఇట్టాగేనా మేడమ్?" ఇట్టాగే తల్లీ!

తిండి మాటలు: సున్నా. ఆ సంతోషంలో సాయంత్రం బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాను. అది క్లాసు కాదు కాబట్టి లెక్కలోకి రాదు.

మార్చి 11, బుధవారం

ఈ రోజు కొవ్వులు. నూనె అనకుండా కొవ్వుల గురించి ఎవరైనా చెప్పగలరా? అయినా నూనె తిండి కాదు. దీపంలోనూ పోస్తారు. చెప్పేశాను.

తర్వాత వేడికి ప్రొటీన్ ఆకారం చెడిపోవడం. కోడిగుడ్డు అన్నాను. అదీ తిండి కాదు! పచ్చసొన ఒక్క పెద్ద కణం, అచ్చంగా నా సబ్జెక్టు. ఉడకబెట్టాను. అంతటితో ఊరుకోక పులుసులో వేశాను. పులుసు నుంచి మాంసానికి, ఎముకను పట్టుకుని ఉండే ప్రొటీన్ గంటల తరబడి ఉడికి జిగురుగా కరగడానికి...

రషీదా బల్ల మీద తల వాల్చేసింది.

"హలీమ్ అన్నారు మేడమ్! పేరు పెట్టి మరీ అన్నారు!" అంది నిఖత్.

నిజమే, అన్నాను. కానీ పాఠం కోసం అన్నాను. రేపు మాత్రం నోరు కుట్టేసుకుంటాను.

మార్చి 12, గురువారం

అంతా అయిపోయింది.

కృపాదానం గారు వెనక బల్ల మీద కూర్చున్నారు. నేను పూసలు, ఇటుకలు, గొలుసులు తప్ప ఇంకేమీ ఎత్తలేదు. క్లాసు చప్పగా ఉంది. ఆయన అడిగారు. "పిండిపదార్థంలోనూ గ్లూకోజే, సెల్యులోజ్‌లోనూ గ్లూకోజే. ఒకటి మనకి అరుగుద్ది, రెండోది అరగదు. ఎందుకని?"

క్లాసంతా నా వైపు తిరిగింది. జవాబు నా నాలుక చివరే ఉంది, కానీ అది కంచంతో సహా వస్తోంది. పళ్లు బిగించాను.

నిఖత్ లేచింది! "సార్, వరిచేలో గింజ మనం తింటాం, గడ్డి గేదె తింటది. రెండిట్లో గ్లూకోజే, అతుకు తేడా. గడ్డిలో అతుకు కోసే ఎంజైమ్ మనకి లేదు. గేదె పొట్టలో క్రిముల కాడుంది."

రోజాలో ఉన్న పిల్లే అన్నం మాట ఎత్తాక ఇంకేం ఆగుతాను? గట్టు తెగింది. అన్నం నుంచి గంజికి, గంజి నుంచి నెయ్యికి, నెయ్యి నుంచి తోడుకున్న గడ్డ పెరుగుకి! పిల్లలు మూలుగుతున్నారు, నవ్వుతున్నారు, రాసుకుంటున్నారు. ఇంతలో వెనక బల్ల నుంచి గుర్రుమని చప్పుడు. ప్రిన్సిపాల్ గారి కడుపు.

"ఏందమ్మా ఇది! మాకు శ్రమదినాలు, ఈస్టర్ ముందు ఉపవాసాలు. పొద్దుట్నుంచి నేనూ ఏమీ ముట్టలా!" అని లేచి వెళ్లిపోయారు.

స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. గదికొచ్చి పెట్టె కిందికి దించాను.

మార్చి 13, శుక్రవారం

ఆయన పిలిచారు.

"పొద్దున పిల్లల్ని ప్రశ్నలడిగా. ఒక్కటీ తప్పలేదు. వచ్చే ఏడు కూడా నువ్వే చెప్పాలమ్మా. కాకపోతే, పండగ దాకా ఆ తిండి మాటలు ఆపు తల్లీ. నా గది పక్కనే. గోడలోంచి చానా బాగా వినపడుద్ది."

ఎగిరి గంతేయలేదు గానీ లోపల వేశాను! మళ్లీ ఒట్టేశాను. ఈసారి గట్టి ఒట్టు. కూరా లేదు, నారా లేదు, ఉప్పు రాయి కూడా లేదు!

సోమవారం మొదలుపెట్టాల్సిన పాఠం ఏమిటా అని సిలబస్ తీశాను.

జీర్ణక్రియ.