గురువారం దిగే విమానం

22 ఆగస్టు 1981

వెర్నన్,

విమానాలకి దారి చూపే మేము సమ్మె చేశామని ప్రెసిడెంటు వేలమందిని ఉద్యోగాల్లోంచి పీకేశాడు. నువ్వు మాత్రం నా కళ్ళముందే గేటు దాటి పనిలోకి కంట్రోల్ టవరెక్కావు. ఇక నీ మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నాను.

కానీ గురువారం నాలుగింటికి అమ్మ విమానం మీ దగ్గరే దిగుతోంది. టవర్లో మిగిలిన మీ ఐదుగురూ రోజుకి పదేసి గంటలు చేస్తున్నారట. బుధవారం బీరు ముట్టకుండా పడుకో. ఆ వేళకి పడమటెండ కళ్ళల్లో కొడుతుంది, తెర దించుకో. ఎవడు తొందరపెట్టినా విమానానికీ విమానానికీ మధ్య దూరం తగ్గించకు.

మనిద్దరం సమ్మెలోనే ఉన్నామనుకుంటోంది అమ్మ. నిన్న ఫోన్లో, "మీరిద్దరూ రోడ్డు మీదుంటే నన్ను దింపేదెవర్రా?" అంది.

"నేను పని నేర్పినవాడేలే, భయపడకు" అన్నాను.

నీ పేరు చెప్పడానికి నోరు రాలేదు.

అన్న