మా ఆయన మెచ్చుకున్న ఆడిటర్

జనవరి 8

నన్ను తప్పించారు. వృద్ధాశ్రమాల తనిఖీల మీద ఆడిట్ మొదలవుతోంది. ఆ తనిఖీల విభాగానికి డైరెక్టర్ మా ఆయన లైల్. మొగుడి పనిని పెళ్లాం ఆడిట్ చేస్తే ఎవరు నమ్ముతారు? ప్రభుత్వం తప్పులు పట్టి నేరుగా శాసనసభకు చెప్పే ఆఫీసు మాది. న్యాయమేనని సంతకం పెట్టాను. ఇంట్లో కూడా ఆ మాట ఎత్తకూడదు.

అంతవరకూ బాగానే ఉంది. కానీ నా కుర్చీలో నోయెల్‌ని కూర్చోబెట్టారు. ఆ పిల్లకి పని నేర్పింది నేను.

జనవరి 15

కడుపు మండుతోంది. మీ నోయెల్ భలే చురుకైనదే అన్నాడు లైల్, సూప్ తాగుతూ. రూల్ గుర్తు చేశాను. ఆడిట్ సంగతి కాదు, మనిషి సంగతి అంటున్నానన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో నన్ను ఒక్కసారైనా చురుకైనదన్నాడా? కేకు బాగుందన్నాడు. కర్టెన్లు బాగున్నాయన్నాడు.

జనవరి 16

కొత్త స్వెటర్ వేసుకెళ్లాడు. ఆడిటర్లు వస్తున్నారని ఎవరైనా కొత్త స్వెటర్ వేసుకుంటారా?

జనవరి 22

ఆడిట్‌కి వెళ్లిన చోట మేం కాఫీ కూడా ముట్టం. ఫ్లాస్కు మేమే మోసుకెళ్తాం. నిన్న నేను చేసిన బటర్ టార్టులు, ఆ చిన్న తీపి కేకులు, లైల్ ఆఫీసుకి పట్టుకెళ్లాడు. నోయెల్ నవ్వుతూ వద్దందట. ఎంత పద్ధతైన మనిషో అని మురిసిపోయాడు. తిని ఉంటే మా ఆఫీసు పెద్దావిడ హెస్టర్‌తో చెప్పేదాన్ని. వద్దన్నందుకు ఇంకా మండింది.

ఫిబ్రవరి 3, ఉదయం

మైనస్ ముప్పై డిగ్రీలు. చలికి ఇంజిన్ గడ్డకట్టకుండా కారు హీటర్ వైరు ప్లగ్గులో పెడదామని గరాజ్‌లోకి వెళ్లాను. లోపల లైల్ ఫోన్లో ఉన్నాడు, తన డిప్యూటీతో. నన్ను చూడలేదు.

"ఆ అమ్మాయి పగటి డ్రిల్లుల గురించే అడిగింది. రాత్రిపూట ఒక్క ఆశ్రమంలోనూ ఫైర్ డ్రిల్ జరగలేదని మనంతట మనం చెప్పక్కర్లేదు కదా."

వైరు పట్టుకుని నిలబడిపోయాను. రాత్రి అంతస్తుకి ఒక్క నర్సే ఉంటుంది. ముప్పై మంది ముసలివాళ్లు, సగం మంది వీల్‌చెయిర్లలో. అయినా నాకు ముందు తట్టింది వాళ్లు కాదు. నోయెల్ బోల్తా పడిందనే తట్టింది. ఎంత సంతోషం వేసిందో రాయడానికి సిగ్గేస్తోంది.

నోరు మూసుకోమనేగా రూల్. ఆ రూల్ ఇంత ముద్దొచ్చింది ఇవాళే.

ఫిబ్రవరి 4

నోయెల్ లిఫ్ట్‌లో పలకరించింది. పాపం, ఏమీ తెలియదు. చాలా ఆప్యాయంగా మాట్లాడాను.

ఫిబ్రవరి 6

పొగ వస్తే ఆ నర్సు ముందు ఎవరి వీల్‌చెయిర్ తోస్తుంది? రేపు చెప్పేస్తాను. లైల్ ఉద్యోగం పోతే పోనీ. నోయెల్‌కి పేరు వస్తే రానీ. ఈ రెండో మాట రాయడానికే ఎక్కువసేపు పట్టింది.

ఫిబ్రవరి 7

హెస్టర్ గదిలోకి వెళ్లి విన్నదంతా చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసింది. నీకు చెప్పకూడదు గానీ, అంతా నువ్వే చెప్పావు కనుక ఇంతమాత్రం చెబుతానంది. నోయెల్‌కి నిన్న మధ్యాహ్నమే తెలిసిందట. చెప్పింది లైలే.

చివరి సమావేశం అయిపోయి, అందరూ కోట్లు వేసుకుంటుంటే, నోయెల్ పెన్నుకి మూత పెట్టి ఒక్క ప్రశ్న వేసిందట. నేను అడగకుండా వదిలేసింది ఏమైనా ఉందా అని. లైల్ కోటు తీసి, మళ్లీ కూర్చుని, అంతా చెప్పేశాడట.

ఆ ప్రశ్న నాది. వెళ్లే ముందు అది అడగకుండా ఎక్కడా కుర్చీలోంచి లేవకూడదని ఆ పిల్లకి నేర్పింది నేనే. ఏ ఆఫీసులోనూ మర్చిపోలేదు నేను. ఇంట్లో మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

లైల్ నిన్న మధ్యాహ్నం దానికి చెప్పి, రాత్రి నాతో కూర్చుని ఏమీ ఎరగనట్టు తాపీగా భోంచేశాడు. రూలే కదా, చెప్పకూడదు. తెలుసు. అయినా కుళ్లుకున్నాను. కుర్చీ కోసం కాదు ఈసారి.

ఫిబ్రవరి 8, ఉదయం 7

లైల్ ఓట్స్ తింటున్నాడు. నేను కోటు వేసుకున్నాను, తలుపు దాకా వెళ్లాను, వెనక్కి వచ్చాను. ఆడిట్ సంగతి కాదు, మన సంగతి అన్నాను.

"నేను అడగకుండా వదిలేసింది ఏమైనా ఉందా?"

చెంచా కింద పెట్టాడు.

"కోటు తీసి కూర్చో, వెర్నా."